1989: బాల్‌మెయిన్ గెలవాల్సిన ఏడాది

సిడ్నీలో నా ఈడు వాళ్ళ దగ్గర 1989 అని ఒక్క మాట అనండి చాలు, రగ్బీ లీగ్ చూసే అలవాటున్న వాళ్ళయితే వెంటనే బాల్‌మెయిన్, కాన్‌బెర్రా జట్లు కప్పు కోసం ఆడిన గ్రాండ్ ఫైనల్ ఎత్తుకుంటారు. ఆఖరి నిమిషాల్లో పడిన ఆ ట్రై, క్రాస్‌బార్‌కి తగిలిన ఆ బంతి, రోచ్ అనే ఆటగాణ్ణి కోచ్ అసలు బయటికెందుకు పిలిచాడు... ఇవే మాటలు, ఇదే గొడవ. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మధ్యాహ్నాన్నే నలుపుతూ ఉంటారు. నాకు మాత్రం 1989 అంటే మార్చిలో మొదలై సెప్టెంబరు ఆఖరుదాకా సాగిన ఒక సీజన్ మొత్తం. గ్రాండ్ ఫైనల్ గురించి కూడా చెప్తాను, చెప్పకుండా ఎలా ఉంటాను, కానీ దానికి కాస్త ఆగండి.

మావారికి సిడ్నీ యూనివర్సిటీలో పరిశోధనకి స్కాలర్‌షిప్ వచ్చి మేం తెనాలి నుంచి బయల్దేరి వెళ్ళింది 1988 చివర్లో. స్కాలర్‌షిప్ డబ్బుల్లో ఇద్దరం బతకాలి కాబట్టి రోజెల్‌లో ఒక పాత ఇంట్లో వెనకభాగం అద్దెకి తీసుకున్నాం. ఇప్పుడు రోజెల్, బాల్‌మెయిన్ అంటే కోట్లున్నవాళ్ళ పేటలు, గుమ్మం ముందు రెండడుగుల వరండా ఉన్న ఇరుకు ఇల్లు కూడా మనలాంటి వాళ్ళు కొనలేరు. అప్పటికి ఇంకా అంత కాలేదు. లాయర్లు, సినిమావాళ్ళు రావడం మొదలైంది గానీ పాతకాపులు చాలామందే ఉండేవాళ్ళు. ఓడల రేవుల్లో, డాక్‌యార్డుల్లో, సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మా వీధి చివర నుంచి చూస్తే వైట్ బే పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించేవి. అది మేం వెళ్ళేసరికే మూతపడి అయిదారేళ్ళయింది. నేను తెలియక మావారిని అడిగాను కూడా, ఈ పొగగొట్టాల్లోంచి పొగ రాదేంటండీ అని.

పక్కింట్లో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, ఆయన బతికినన్నాళ్ళూ కాకటూ ద్వీపంలో ఉన్న డాక్‌యార్డులో ఓడలు బాగుచేసే పనిలోనే ఉన్నాడట. చిన్నకొడుకు కూడా అక్కడే బాయిలర్‌మేకరు. ఆవిడ నన్ను మొదటి రోజు నుంచే 'లవ్' అని పిలిచేది, అక్కడి పెద్దాళ్ళు అందర్నీ అలాగే పిలుస్తారు. నేను ఆంటీ అనేదాన్ని. నాకు అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు, ఉద్యోగం లేదు, మాట్లాడటానికి మనిషి లేదు, వాళ్ళ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆవిడ ఇంట్లో టీవీ ఉంది, మా ఇంట్లో లేదు. శనాదివారాలు ఛానెల్ టెన్‌లో మ్యాచ్. అలా అలవాటైంది, అంతకు మించి పెద్ద కథేం లేదు.

ఆట ఆవిడే నేర్పింది. పదముగ్గురు ఇటు, పదముగ్గురు అటు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, పక్కకో వెనక్కో విసరొచ్చు, చేత్తో ముందుకి మాత్రం విసరకూడదు. అవతలివాళ్ళు పట్టి పడేస్తే అది ఒక ట్యాకిల్. ఆరు ట్యాకిళ్ళయితే బంతి అవతలివాళ్ళది. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు, ఆ తర్వాత గోల్‌పోస్టుల మధ్య నుంచి కొడితే ఇంకో రెండు. పెనాల్టీ గోల్‌కి రెండు, ఆట నడుస్తుండగా బంతిని నేలకి తాకించి కొట్టే ఫీల్డ్ గోల్‌కి ఒకటి. ఈ ఆఖరిది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకైతే మొదట్లో మన కబడ్డీలా అనిపించింది, కూతకొచ్చినవాణ్ణి గుంపుగా మీదపడి పట్టేస్తారే, అలాగే, కాకపోతే ఇక్కడ వదిలేస్తే వాడు మళ్ళీ లేచి ఇంకోసారి మీదికొస్తాడు. మావారికి రగ్బీ యూనియన్‌కీ దీనికీ తేడా తెలియడానికే నెలలు పట్టింది. యూనియన్ కాలేజీలవాళ్ళ ఆట, లీగ్ కూలికెళ్ళేవాళ్ళ ఆట అని ఆంటీ ఒక్క ముక్కలో తేల్చేసేది.

అది ఆవిడ గొప్ప కోసం చెప్పిన మాట కాదు. 1907లో ఆడేవాళ్ళకి దెబ్బ తగిలితే పని పోయేది, జీతం పోయేది, రగ్బీ యూనియన్‌వాళ్ళు నష్టపరిహారం ఇచ్చేవాళ్ళు కాదు. అలెక్ బర్డన్ అనే ఆటగాడు గాయపడినప్పుడు అది పెద్ద గొడవైంది. ఆ అసంతృప్తితో కొందరు విడిపోయి కొత్త లీగ్ పెట్టుకున్నారు. వాళ్ళు కూడి మాట్లాడుకున్నది ఎక్కడనుకున్నారు? విక్టర్ ట్రంపర్ ఆటసామాన్ల దుకాణంలో. అవును, ఆ క్రికెటర్ ట్రంపరే. క్రికెట్ పిచ్చి ఉన్న మా నాన్నగారికి ఉత్తరంలో ఇది రాస్తే, ఆట సంగతి ఒక్క ముక్క అడక్కుండా ట్రంపర్ షాపు ఇంకా ఉందా, ఉంటే ఫోటో పంపు అని జవాబు రాశారు. 1908లో పోటీ మొదలైన రోజు మ్యాచ్‌లు రెండు మైదానాల్లో జరిగాయి, అందులో ఒకటి మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో నీళ్ళ ఒడ్డున ఉన్న బర్చ్‌గ్రోవ్ ఓవల్. బాల్‌మెయిన్ ఆ రోజు నుంచీ ఉన్న జట్టు. పదకొండు సార్లు కప్పు గెలిచింది. ఆఖరుసారి 1969లో, ఎవరూ గెలుస్తారనుకోని రోజున, సౌత్ సిడ్నీ మీద 11-2తో. అది చెప్పేటప్పుడు ఆంటీ గొంతు మారిపోయేది. ఇరవై ఏళ్ళయింది లవ్, ఈ ఏడాది మనదే అనేది. మనదే అని ఆవిడ అన్నప్పుడు అందులో నేను కూడా ఉన్నానని నాకు భలే సంతోషంగా ఉండేది.

ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు ఏడాది 1988లో బాల్‌మెయిన్ కిందామీదా పడి అయిదో స్థానంతో, పై అయిదు జట్లు ఆడే ఫైనల్స్‌లో దూరి, ఒక్కొక్కర్నీ కొట్టుకుంటూ గ్రాండ్ ఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ కాంటర్‌బరీ చేతిలో 24-12తో ఓడింది. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న ఎల్లరీ హాన్లీ మొదటి సగంలోనే దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు, కాంటర్‌బరీ ఆటగాడు టెర్రీ లాంబ్ చేసిన ఆ ట్యాకిల్ గురించి ఆ పేటలో ఎవరినడిగినా అరగంట మాట్లాడతారు. 1989కి హాన్లీ లేడు గానీ మిగతా జట్టంతా ఉంది. కెప్టెన్ వేన్ పియర్స్, బక్కగా కనిపించినా ఎనభై నిమిషాలూ ఆగని మనిషి. ముందు వరసలో స్టీవ్ రోచ్, అందరూ బ్లాకర్ అనేవాళ్ళు. పాల్ సిరోనెన్ అయితే ఒక తలుపు కదిలొచ్చినట్టు ఉండేవాడు. బెన్నీ ఎలియాస్ పొట్టి, నోరు ఊరుకోదు, ఎక్కడ బంతి ఉంటే అక్కడ అతను. వెనక గ్యారీ జాక్. వింగ్ దగ్గర జేమ్స్ గ్రాంట్. కొత్తగా ఇంగ్లండ్‌లోని విడ్నెస్ నుంచి వచ్చిన ఆండీ కరియర్ గోల్స్ కొట్టేవాడు. కోచ్ వారెన్ రయన్, ఆటని లెక్కల మాస్టారిలా ఆలోచించే మనిషని పేరు.

సొంత మైదానం లైకార్ట్ ఓవల్. పేరు చూసి లైచ్‌హార్డ్ట్ అని చదివి నవ్వులపాలయ్యేవాళ్ళు మా తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఒకపక్క స్టాండు, ఇంకోపక్క గడ్డి గుట్ట, ఆ గుట్ట మీద కూర్చోవడమే అందరికీ ఇష్టం. మేం అక్కడే కూర్చునేవాళ్ళం, టికెట్టు చవక కూడా. పొద్దున్నే వెళ్తే కుర్రాళ్ళ జట్టు మ్యాచ్, తర్వాత రిజర్వ్ గ్రేడ్, మూడో మ్యాచ్‌గా అసలు జట్టు. రోజంతా ఆటే. చుట్టూ అందరూ మాంసం పైలు, బీరు, మేం స్టీలు డబ్బాలో పులిహోర. ఆంటీకి మొదటిసారి పెడితే మిరపకాయ తీసి చూపించి ఇది కూడా తినాలా అంది. జులై కల్లా డబ్బా నా చేతికి రాకముందే ఆవిడ చేతిలో ఉండేది. మ్యాచ్ అయిపోగానే పిల్లలంతా మైదానంలోకి పరిగెత్తేవాళ్ళు, ఎవరూ ఆపేవాళ్ళు కాదు, ఆటగాళ్ళు బురద మొహాలతోనే వాళ్ళతో మాట్లాడుతూ నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళు.

అక్కడ లారీ నికల్స్‌ని చూడాలి మీరు. బాల్‌మెయిన్ అభిమాని, వయసు మళ్ళినవాడు. ఎముకలు కొరికే చలిలో మేమందరం కోట్లు, టోపీలు, మఫ్లర్లు చుట్టుకుని వణుకుతుంటే ఈయన చేతుల్లేని నలుపు, నారింజ బనీనుతో గీత పక్కన నిలబడి గాల్లోకి పిడికిళ్ళు విసురుతూ, ఆటగాళ్ళ పేర్లతో ప్రాసలు కట్టి పాడుతూ ఉండేవాడు. మొదటిసారి చూసి పాపం మతి చలించినవాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన రాకపోతేనే జనానికి కంగారు. ఆయన పోయినప్పుడు పేటంతా కదిలింది.

ఆ ఏడాది పోటీలో పదహారు జట్లు. పేరుకి సిడ్నీ పోటీ, అందులో సిడ్నీ పేటల పేర్లే ఎక్కువ గానీ, 1982లో కాన్‌బెర్రా, ఇల్లవారా చేరాయి, 1988లో బ్రిస్బేన్, న్యూకాసిల్, గోల్డ్ కోస్ట్ వచ్చాయి. ఆంటీకి ఈ కొత్తవాళ్ళ మీద చిన్నచూపు. బ్రిస్బేన్‌వాళ్ళు గెలిస్తే ఒప్పుకోవచ్చు, వాళ్ళకి ఆట తెలుసు, కాన్‌బెర్రాలో ఏముంది, ఆఫీసులు తప్ప అనేది. కప్పు సిడ్నీ దాటి బయటికెళ్ళడం అప్పటిదాకా జరగలేదు. దాని పేరు విన్‌ఫీల్డ్ కప్, అంటే సిగరెట్ కంపెనీ పేరు, అప్పుడవేవీ తప్పు కాదు. టీవీలో టీనా టర్నర్‌తో తీసిన ప్రకటన ఆ ఏడాదే మొదలైంది. ఆటగాళ్ళు చొక్కాల్లేకుండా బీచ్‌లో పరిగెత్తుతుంటే ఆవిడ పాడేది. మావారు టీవీ చూసేది ఆ ప్రకటన కోసమేనని నాకు అనుమానం.

కప్పు మీద ఉన్న బొమ్మ నాకు చాలా ఇష్టం. బురదలో మునిగిన ఇద్దరు ఆటగాళ్ళు, ఒకడు ఆజానుబాహువు, ఒకడు భుజందాకా కూడా రాడు, ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డారు. 1963 ఫైనల్ అయిపోయాక తీసిన నిజమైన ఫోటో అది, నార్మ్ ప్రోవన్, ఆర్థర్ సమన్స్. ఒకరు గెలిచిన జట్టు, ఒకరు ఓడిన జట్టు.

లీగ్ దశలో అందరికంటే పైన నిలిచింది సౌత్ సిడ్నీ. ఇది ఇప్పుడు చెబితే కుర్రాళ్ళు నమ్మరు, ఎందుకంటే మరుసటి ఏడాది అదే జట్టు అట్టడుగున తేలింది. పెన్‌రిత్ రెండు, బాల్‌మెయిన్ మూడు, కాన్‌బెర్రా నాలుగు. అయిదో స్థానానికి క్రొనల్లా, బ్రిస్బేన్ వారం మధ్యలో ఇంకో మ్యాచ్ ఆడుకుని క్రొనల్లా వచ్చింది.

మధ్యలో మే, జూన్ నెలల్లో స్టేట్ ఆఫ్ ఆరిజిన్. క్లబ్బులు పక్కన పెట్టి న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్ తలపడేవి. జూన్‌లో రెండో మ్యాచ్ సిడ్నీలో, క్వీన్స్‌లాండ్ వాళ్ళు ఒక్కొక్కరే విరిగిపోతున్నారు. అలన్ లాంగర్‌కి కాలు, మాల్ మెనింగాకి కంటి దగ్గర ఎముక, ఇంకొకరికి మోచెయ్యి, ఇంకొకరికి భుజం, బాబ్ లిండ్నర్ విరిగిన కాలితోనే ఆడాడు. అయినా వాళ్ళే గెలిచారు. మెనింగాది కాన్‌బెర్రా, కెప్టెన్. పాపం ఈ మనిషికి ఈ ఏడాది అయిపోయినట్టే అంది ఆంటీ స్ట్రెచర్లు చూస్తూ. కాలేదు మరి. అవలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నా.

ఆదివారాలు మా ఇంట్లో ఒక గొడవుండేది. సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి అప్పటికే ఉంది, కట్టి నాలుగేళ్ళు. మాకు కారు లేదు, మావారి స్నేహితులొకరు తీసుకెళ్ళేవారు. తెలుగు మాట వినపడేది, పొంగలి దొరికేది, అందుకే అందరూ అక్కడికి చేరేవాళ్ళం. మ్యాచ్ మూడింటికి మొదలైతే తిరిగొచ్చే దారిలో మేం కార్లో ఉండేవాళ్ళం. రేడియోలో మ్యాచ్ పెట్టండి అన్నయ్యగారూ అని నేను అడగడం, ఆయన మొహమాటానికి పెట్టడం, వాళ్ళావిడ వెనక్కి తిరిగి నన్నొక చూపు చూడటం. పక్కనుంచి మావారు, వదిలెయ్యవే, ఘంటసాల క్యాసెట్టు బానే ఉంది కదా అని. ఆగస్టు వచ్చేసరికి ఆ అన్నయ్యగారే గుడి గేటు దాటకుండానే రేడియో తిప్పడం మొదలుపెట్టారు.

ఆ చలికాలంలోనే ఇంకోటి జరుగుతోంది. కాకటూ ద్వీపం డాక్‌యార్డుని మూసేసి దీవిని అమ్మేస్తామని ప్రభుత్వం చెప్పింది. కార్మికులు సమ్మె కట్టారు, ద్వీపంలోనే బైఠాయించారు, వారాల తరబడి సాగింది. ఆంటీ చిన్నకొడుకు కూడా అందులోనే. జీతం లేదు. ఆవిడ పెద్ద గిన్నెడు సూపు కాచి పడవ దగ్గరికి పంపేది, నేను ఒకట్రెండు సార్లు చపాతీలు కలిపాను, వాళ్ళకి నచ్చాయో లేదో తెలీదు. శనివారం ఆవిడ ఇంటి ముందు గదిలో సమ్మెలో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని మ్యాచ్ చూసేవాళ్ళు. సమ్మె గురించి ఒక్క మాట వచ్చేది కాదు. రయన్ టీము ఎలా పెట్టాడు, ఎలియాస్ కిక్ ఎందుకంత తొందరగా కొట్టాడు, ఇవే మాటలు. వాళ్ళకి డబ్బు గురించి, ఉద్యోగం గురించి ఎంత టెన్షన్ ఉందో నాకు తెలుసు, ఆంటీ చెప్పేది. కానీ ఆ ఎనభై నిమిషాలు ఎవరూ దాని జోలికి పోయేవాళ్ళు కాదు. మూడేళ్ళు గడిచేసరికి డాక్‌యార్డు మూతపడనే పడింది. ఇప్పుడు అక్కడికి టూరిస్టులు వెళ్ళి టెంట్లేసుకుని పడుకుంటారు.

ఫైనల్స్ మొదలైన వారంలోనే మన వినాయక చవితి వచ్చింది. పత్రి ఎక్కడ తేవాలో తెలియక ఆంటీ పెరట్లోవే నాలుగు రకాల ఆకులు కోసుకొచ్చి పూజ కానిచ్చాను. కుడుములు, ఉండ్రాళ్ళు ఆవిడకి పట్టుకెళ్తే, ఈ దేవుడు దేనికి అని అడిగింది. పని మొదలుపెట్టే ముందు ఆటంకాలు రాకుండా మొక్కుకుంటాం అన్నాను. అయితే ఇంకో రెండు ఇవ్వు, ముందు పెన్‌రిత్, తర్వాత సౌత్స్ అంది.

పెన్‌రిత్‌ని కొట్టారు. సౌత్స్‌ని 20-10తో కొట్టారు. అలా బాల్‌మెయిన్ నేరుగా గ్రాండ్ ఫైనల్‌కి వెళ్ళి ఒక వారం విశ్రాంతి తీసుకుంది. కాన్‌బెర్రా మాత్రం నాలుగో స్థానం నుంచి వచ్చింది కాబట్టి ప్రతి వారం ఆడాల్సిందే, ఓడితే ఇంటికే. క్రొనల్లా, పెన్‌రిత్, ఆ తర్వాత సౌత్స్‌ని 32-16తో. నాలుగో స్థానంలో ఉన్న జట్టు కప్పు గెలిచిన చరిత్ర లేదని పేపర్లలో రాశారు. మా పేటలోని డార్లింగ్ స్ట్రీట్ మొత్తం నలుపు, నారింజ రంగులే. కసాయి కొట్టు అద్దం మీద బాల్‌మెయిన్ గుర్తు పులి బొమ్మ, బ్యాంకులో గుమాస్తాల మెడలో రిబ్బన్లు. విక్టోరియా రోడ్డు మీద బాల్‌మెయిన్ లీగ్స్ క్లబ్ ముందు ఎప్పుడు చూసినా గుంపు.

సెప్టెంబరు 24, ఆదివారం, సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియం, నలభై వేల అయిదొందల మంది. మాకు టికెట్లు దొరకలేదు, కొనే స్థోమత కూడా లేదు. ఆంటీ కొడుకు వెళ్ళాడు. మేం ఆవిడ ముందు గదిలో, కుర్చీలు చాలక నేల మీద. కాన్‌బెర్రా జట్టు పేర్లు ఇప్పుడు చదివితే భయమేస్తుంది. మెనింగా, లారీ డేలీ, రికీ స్టువర్ట్, బ్రాడ్లీ క్లైడ్, గ్యారీ బెల్చర్. అప్పుడు వాళ్ళలో సగం మంది కుర్రాళ్ళు. కోచ్ టిమ్ షీన్స్.

మొదటి సగం బాల్‌మెయిన్‌దే. కరియర్ పెనాల్టీ, గ్రాంట్ ట్రై, ఆపైన సగం ఆట ముగియబోతుండగా సిరోనెన్ దూసుకొచ్చి ఇంకో ట్రై. 12-2. గదిలో అప్పుడే బీరు సీసాలు తెరిచేశారు. ఆంటీ మాత్రం, ఇంకా నలభై నిమిషాలుంది, నోళ్ళు మూసుకోండి అంది.

రెండో సగంలో బెల్చర్ ట్రై, గోల్, 12-8. కరియర్ ఇంకో పెనాల్టీ, 14-8. అక్కణ్ణుంచి బాల్‌మెయిన్‌కి మ్యాచ్‌ని ముగించే అవకాశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మిక్ నీల్ గీతకి కొద్ది గజాల దూరంలో ఉన్నాడు, ముందెవరూ లేరు. వెనక నుంచి మెనింగా పడిపోతూ చెయ్యి చాస్తే ఆ వేళ్ళు నీల్ మడమకి తగిలాయి. పడిపోయాడు. ఇంకోసారి బంతి పియర్స్ చేతిలోంచి జారింది. పియర్స్ చేతిలోంచి బంతి జారడమేమిటని గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎలియాస్ ఫీల్డ్ గోల్. ఒక్క పాయింటు చాలు, ఏడు పాయింట్ల తేడా అవుతుంది, ఒక ట్రై, గోల్ కలిపినా కాన్‌బెర్రాకి అందదు. బంతి లేచింది, అందరం లేచాం, క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కొచ్చింది.

ఈలోగా రయన్ రోచ్‌ని, సిరోనెన్‌ని బయటికి పిలిచి కెవిన్ హార్డ్‌విక్, మైకేల్ పాబ్జీలని పంపాడు. ఆధిక్యం ఉంది, వాళ్ళు అలసిపోయారు, ట్యాకిళ్ళు చేసేవాళ్ళు కావాలి. అదీ ఆయన లెక్క. అప్పటి నిబంధనల ప్రకారం బయటికొచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళలేరు. బెంచీ మీద కూర్చున్న రోచ్ మొహాన్ని కెమెరా చూపించినప్పుడల్లా గదిలో తిట్లు. నాకు అప్పటికి ఆ ఇంగ్లీషు బాగానే వంటబట్టింది.

ఇంకో నిమిషంన్నర ఉందనగా కాన్‌బెర్రా ఆటగాడు ఓసలివాన్ బంతిని ఆకాశంలోకి కొట్టాడు. కింద డేలీ అందుకుని పక్కకి అందించాడు, జాన్ ఫెర్గుసన్‌కి. ముప్ఫై అయిదేళ్ళ వింగరు, అందరూ చికా అని పిలిచే ఆదివాసీ ఆటగాడు, ఆ వయసులో చాలామంది ఆట మానేసి ఉంటారు. బయటివైపు వెళ్తాడనుకుంటే లోపలికి కోసుకుని ముగ్గుర్ని తప్పించుకుని గీత దాటాడు. మెనింగా గోల్ కొట్టాడు. 14-14.

ఇరవై నిమిషాల అదనపు ఆట. ఓసలివాన్ ఫీల్డ్ గోల్, 15-14. ఎలియాస్‌కి దక్కనిది. ఆఖర్లో స్టీవ్ జాక్సన్ అనే రిజర్వు ఆటగాడు, అంతకుముందు అతని పేరు మా గదిలో ఎవరూ ఎత్తలేదు, ఒకర్ని విదిలించుకుని, ఇంకొకర్ని విదిలించుకుని, మీద వేలాడుతున్నవాళ్ళని ఈడ్చుకుంటూ వెళ్ళి గీత మీద పడ్డాడు. 19-14. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి పతకం పంతొమ్మిదేళ్ళ క్లైడ్‌కి. కప్పు మొదటిసారి సిడ్నీ బయటికి వెళ్ళింది, ఆఫీసులు తప్ప ఏమీ లేని ఊరికి.

ఆ పేటలోనే పెరిగి రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన నెవిల్ రాన్, బాల్‌మెయిన్ కుర్రాళ్ళు ఏడవరు అని అంతకు కొన్నేళ్ళ ముందు ఒక గొడవలో అన్నమాట అక్కడ సామెతలా వాడేవాళ్ళు. సమ్మెలో వారాల తరబడి పస్తులున్నా ఏడవనివాళ్ళు ఆ గదిలో ఏడ్చారు. సామెత సంగతి నేను ఎత్తలేదు.

అందరూ రయన్‌ని తిడతారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఎలియాస్ కొట్టిన బంతి జానెడు పైన వెళ్ళుంటే, లెక్కల మాస్టారు ఎంత ముందుచూపుతో మార్చాడో అని ఇదే జనం మెచ్చుకునేవాళ్ళు. మెనింగా వేళ్ళు అరంగుళం పొట్టివైనా అంతే. అసలా ట్యాకిల్ గురించి మాట్లాడాలి ముందు. జూన్‌లో కంటి ఎముక విరిగిన మనిషి సెప్టెంబరులో అంత పొడుగున గాల్లో చాచుకుని పడటం. గెలిచినవాళ్ళు గెలిచారని ఒప్పుకోకుండా మనవాళ్ళే ఓడారని వాదించుకోవడం ఎక్కడి అభిమానులకైనా ఉన్న జబ్బే. మా ఆంటీకి మాత్రం ఈ వాదన చెప్పే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. రోచ్‌ని తియ్యకుండా ఉండాల్సింది లవ్ అని ఆవిడ అంటే, అవును ఆంటీ అనేదాన్ని.

బాల్‌మెయిన్ మళ్ళీ గ్రాండ్ ఫైనల్ ఆడలేదు. మేం మావారి ఉద్యోగం వల్ల పడమటివైపు వెస్ట్‌మీడ్‌కి మారాం, అక్కడ తెలుగువాళ్ళు పెరిగారు, దుకాణాలు వచ్చాయి. చిత్రం చూడండి, 1995లో మా వెనకాలే జట్టు కూడా వచ్చేసింది. టీవీ డబ్బు కోసం లీగ్ రెండుగా చీలిన రోజులవి, బాల్‌మెయిన్ తన పేరు సిడ్నీ టైగర్స్ అని మార్చుకుని రెండేళ్ళు పరమట్టా స్టేడియంలో ఆడింది. ఆంటీకి ఫోన్ చేసి, మీ జట్టు మా ఇంటి పక్కకొచ్చింది, రండి అంటే, అది మా జట్టు కాదు, ఆ పేరు గలవాళ్ళెవరో నాకు తెలీదు అంది. 1997కి మళ్ళీ పాత పేరుతో లైకార్ట్‌కి వెళ్ళారు. 1999 అయ్యాక వెస్టర్న్ సబర్బ్స్‌తో కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యారు. ఆవిడ అప్పటికి లేదు, లేకపోవడమే మంచిదైంది అనుకున్నాను ఆ వార్త చదివి.

2005లో ఆ కలిసిన జట్టు కప్పు గెలిచింది. కోచ్ ఎవరో తెలుసా? టిమ్ షీన్స్. 1989లో కాన్‌బెర్రా పక్కన నిలబడి కప్పు పట్టుకెళ్ళిన ఆయనే. ఆంటీ కొడుకు ఆ రాత్రి ఫోన్ చేశాడు, పదహారేళ్ళు అప్పు పెట్టుకుని ఇప్పుడు తీర్చాడు అన్నాడు, తాగి ఉన్నాడు. విక్టోరియా రోడ్డు మీద లీగ్స్ క్లబ్ 2010లో ఖాళీ చేశారు, మెట్రో వేస్తామని చెప్పి, ఆ మెట్రో ఆగిపోయింది, భవనం ఏళ్ళ తరబడి అలా పాడుపడి ఉండిపోయింది. ఆ దారిన బస్సులో వెళ్తే నేను అటు చూడను. లైకార్ట్ ఓవల్‌లో ఏడాదికి కొన్ని మ్యాచ్‌లు ఇప్పటికీ పెడుతున్నారు. పోయినసారి వెళ్తే గుట్ట మీద నా పక్కన ఒక కుర్రాడు 1989 గురించి తన స్నేహితుడికి వివరిస్తున్నాడు, అప్పటికి పుట్టి కూడా ఉండడు, ఎలియాస్ కొట్టిన బంతి పోస్టుకి తగిలిందని చెప్తున్నాడు. క్రాస్‌బార్ నాయనా అని సరిదిద్దాను. చీర కట్టుకున్న ముసలమ్మని ఎగాదిగా చూసి, మీకెలా తెలుసు అన్నాడు.

మా అబ్బాయి వెస్ట్‌మీడ్‌లో పెరిగాడు కాబట్టి పరమట్టా ఈల్స్ అంటాడు. ఇంట్లో ఆ నీలం, పసుపు జెండాయే ఉంటుంది. వాళ్ళు ఆఖరుసారి కప్పు గెలిచింది 1986లో, కాబట్టి వాడితో నేనేమీ వాదించను.